జ్వరం దిగింది, టికెట్ ఉంది: శనివారం అండమాన్ వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. చెన్నై వేలచ్చేరిలో ఉంటాం. నా కాలేజీ స్నేహితురాళ్లు ఇద్దరు, ఒకరు హైదరాబాద్ నుంచి, ఇంకొకరు విశాఖ నుంచి, కుటుంబాలతో అండమాన్ వెళ్లారు. నేను బుధవారం వాళ్లతో కలవాల్సింది. సోమవారం మధ్యాహ్నం చలితో జ్వరం మొదలై 102 దాకా పోయింది. ఒళ్లు నొప్పులు, కళ్ల వెనక నొప్పి, ముక్కు దిబ్బడ. మంగళవారం రక్త పరీక్షలో డెంగీ ఎన్‌ఎస్1 నెగటివ్, ప్లేట్‌లెట్లు 1.62 లక్షలు. డాక్టర్ గారు వైరల్ ఫీవర్ అని పారాసెటమాల్ రాశారు. ఈ రోజు, గురువారం, పొద్దున్నుంచి జ్వరం లేదు, నీరసం మాత్రం ఉంది. టికెట్ శనివారం ఉదయానికి మార్చుకున్నాను. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి అదే రోజు ఫెర్రీలో హ్యావ్‌లాక్ దీవి చేరాలి. ఆదివారం అందరికీ స్కూబా డైవింగ్ బుక్ చేశారు. వాళ్లు మంగళవారం పోర్ట్‌బ్లెయిర్ తిరిగొచ్చి గురువారం బయల్దేరతారు. వాళ్లు తీసుకున్న విల్లాలో రెండేళ్ల పాప, 70 ఏళ్ల అత్తగారు కూడా ఉన్నారు. నేను వెళ్లొచ్చా? ఏ మందులు పట్టుకెళ్లాలి? వద్దంటే వాళ్లు నొచ్చుకోకుండా ఎలా చెప్పను?
(పాఠకురాలు, చెన్నై)

సమాధానం: శనివారం వద్దండీ. ట్రిప్పు మొత్తం వదులుకోనక్కర్లేదు. మీ వాళ్లు మంగళవారం పోర్ట్‌బ్లెయిర్‌కు తిరిగొస్తారు కాబట్టి మీరూ మంగళవారం నేరుగా అక్కడికే వెళ్లి రెండు రాత్రులు వాళ్లతో ఉండొచ్చు. అది కూడా ఆదివారం రిపోర్టు చూశాకే ఖాయం చేసుకోండి.

జ్వరం దిగడాన్ని మీరు జబ్బు తగ్గినట్టుగా లెక్కేశారు. చాలా వైరల్ జ్వరాల్లో అది సరైన లెక్కే. ఈశాన్య రుతుపవనాల వానలు పడే ఈ రోజుల్లో చెన్నైలో వచ్చిన జ్వరానికి, అందులోనూ కళ్ల వెనక నొప్పి ఉన్నదానికి, మాత్రం ఆ లెక్క పనికిరాదు. డెంగీలో ప్రమాదం జ్వరం మండుతున్నప్పుడు కాదు, దిగిన తర్వాత 24 నుంచి 48 గంటల్లో వస్తుంది. ఆ సమయంలో కొందరికి సన్నటి రక్తనాళాల గోడల్లోంచి రక్తంలోని నీటి భాగం బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ప్లేట్‌లెట్లు కూడా అట్టడుగుకు చేరేది ఆ రోజుల్లోనే. అందరికీ ఇలా అవదు, ఎక్కువ మందికి అవదు కూడా. కానీ అయ్యేదేదో ఆ రెండు రోజుల్లోనే అవుతుంది.

జ్వరం మొదలైన సోమవారాన్ని ఒకటో రోజు అనుకోండి. గురువారం నాలుగో రోజు, జ్వరం దిగిన రోజు. శనివారం ఉదయం ఆరో రోజు, సరిగ్గా ఆ 48 గంటల చివర. మీరు విమానం ఎక్కే వేళకి ఇంకా ఆ గడువు అంచులోనే ఉంటారు.

ఎన్‌ఎస్1 నెగటివ్ వచ్చిందన్న ధీమా వద్దు. అది పాజిటివ్ వస్తే డెంగీ ఉన్నట్టే, కానీ నెగటివ్ వచ్చినంత మాత్రాన లేదని తేల్చేయలేం. రెండో రోజు ప్లేట్‌లెట్లు 1.62 లక్షలు ఉండటమూ అంతే. మామూలుగా ఉండాల్సింది 1.5 లక్షల నుంచి 4.5 లక్షలు. పడాల్సిన రోజులు ఇంకా రానప్పుడు తీసిన అంకె అది.

రేపు, శుక్రవారం పొద్దున్నే, మంగళవారం చేయించిన ల్యాబ్‌లోనే మళ్లీ సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. అదే ల్యాబ్ ఎందుకంటే, రెండు వేర్వేరు మిషన్ల అంకెలు పోల్చుకుంటే లేనిపోని కంగారు పుడుతుంది. దాంతో పాటు డెంగీ ఎన్‌ఎస్1, ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీ) రెండూ అడగండి. ఐజీఎం అయిదో రోజు నుంచి కనబడటం మొదలవుతుంది, అంతకుముందు చేయిస్తే డబ్బు దండగ. రేపు నెగటివ్ వచ్చినా అదే చివరి మాట అనుకోకండి. సీబీసీ మాత్రం శనివారం, ఆదివారం కూడా చేయించాలి.

రిపోర్టు చేతికి రాగానే అందరూ ప్లేట్‌లెట్ల దగ్గరికే పోతారు. మీరు ముందు పీసీవీ లేదా హీమటోక్రిట్ అని రాసిన గడి చూడండి. రక్తం ఎంత చిక్కబడిందో చెప్పేది అదే. ఉదాహరణకు మంగళవారం 38 ఉన్నది రేపు 45 దాటితే, అంటే సుమారు అయిదో వంతు పెరిగితే, నీళ్లు బయటికి పోతున్నాయని అర్థం. ప్లేట్‌లెట్లు పడుతూ పీసీవీ పెరుగుతుంటే సాయంత్రం దాకా ఆగకుండా డాక్టర్ గారికి చూపించండి. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గి, పీసీవీ కదలకుండా ఉండి, మీకు ఆకలి వేస్తుంటే, అది డాక్టర్ గారు మామూలుగా కనిపెట్టి చూసే పరిస్థితే.

ఇక ఇంట్లో. జ్వరం లేనప్పుడు పారాసెటమాల్ వేసుకోకండి. 'మళ్లీ వస్తుందేమో' అని ముందుగా వేసుకుంటే జ్వరం నిజంగా దిగిందో, మాత్ర కింద దాక్కుందో తెలియదు, మన లెక్కంతా తప్పుతుంది. జ్వరం వస్తే 650 మాత్ర ఒకటి, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది, స్ట్రిప్ వెనక చదివి అదీ లెక్కలో వేయండి. ఒళ్లు నొప్పులకని ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి అస్సలు పోవద్దు. డెంగీ అయితే అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. మందుల షాపులో 'నొప్పికి ఏదైనా ఇవ్వండి' అంటే చేతికొచ్చేవి చాలాసార్లు అవే.

ద్రవాలు రోజుకు రెండున్నర లీటర్ల దాకా వెళ్లాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఈ కొలత వర్తించదు, వాళ్లు డాక్టర్‌ని అడగాలి. అందులో ఒక లీటరు ఓఆర్‌ఎస్ అయితే మంచిది: 20.5 గ్రాముల పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలిపి 24 గంటల్లో తాగేయాలి, మిగిలితే పారబోయాలి. సగం పొట్లం గ్లాసులో కలుపుకుంటే ఉప్పు ఎక్కువై వాంతి వస్తుంది. టెట్రా ప్యాక్‌లో దొరికే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది కూడా. మిగతా లీటరున్నరకి గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు, పల్చటి చారు, ఏది దిగితే అది. బీట్‌రూట్ రసం, ఎర్ర సర్బత్, నల్ల కాఫీ మాత్రం ఈ మూడు రోజులు పక్కన పెట్టండి. ఒకవేళ వాంతి అయితే అందులో రక్తం ఉందో లేదో రంగును బట్టి చెప్పలేం. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మూత్రం వస్తోందా అన్నది గమనించండి, నీళ్లు సరిపోతున్నాయా లేదా ఇంట్లో తెలుసుకోవడానికి అంతకంటే సులువైన గుర్తు లేదు.

పక్కింటివాళ్లు నిలవేంబు (నేలవేము) కషాయం, బొప్పాయి ఆకు రసం తెచ్చిస్తారు, చెన్నైలో అది తప్పదు. కషాయం రెండు గుక్కలు తాగి వాళ్ల మాట నిలబెట్టండి, పరీక్ష మాత్రం మానకండి. బొప్పాయి ఆకు రసం అయితే వద్దనే చెప్తాం. చాలామందికి దానితో కడుపు తిప్పి వాంతులవుతాయి. వాంతులు డెంగీలో ప్రమాద సూచన. అప్పుడు ఆ వాంతి రసం వల్లో జబ్బు వల్లో డాక్టర్‌కి కూడా తెలీదు.

కడుపులో గట్టి నొప్పి, రోజులో మూడుసార్లకు మించి వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, కాళ్లూ చేతులూ చల్లబడటం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, మత్తుగా పడి ఉండటం లేదా ఊరికే చిరాకుగా అటూ ఇటూ కదలడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రిపోర్టు కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లండి. నెలసరి మామూలు కంటే ఎక్కువగా అవుతున్నా అంతే, ఆడవాళ్లు దీన్ని డాక్టర్‌కి చెప్పడం మర్చిపోతారు.

ఇదే మీకు శనివారం రాత్రి హ్యావ్‌లాక్‌లో వచ్చిందనుకోండి. అక్కడ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది, కానీ కేసు ముదిరితే పోర్ట్‌బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రికే పంపాలి. ఫెర్రీలో గంటన్నర నుంచి రెండున్నర గంటల సముద్ర ప్రయాణం. నవంబర్, డిసెంబర్‌లలో అక్కడ సాయంత్రం అయిదింటికే పొద్దు గూకుతుంది, ఆ తర్వాత మామూలు ఫెర్రీ దొరకదు. హెలికాప్టర్ ఉన్నా గాలివానను బట్టే. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే పడవలూ ఆగిపోతాయి. వేలచ్చేరిలో పది నిమిషాల్లో తేలే పని అక్కడ మర్నాటికి పడుతుంది. హ్యావ్‌లాక్ వద్దని, పోర్ట్‌బ్లెయిర్ ఫరవాలేదని చెప్పడానికి కారణం ఈ దూరమే.

ఇక విల్లాలోని పాప, అత్తగారి సంగతి. ఫ్లూ లాంటిదైతే లక్షణాలు మొదలైన ముందు రోజు నుంచి అయిదారు రోజులు, కొందరిలో వారం దాకా, ఇతరులకు అంటుతుంది. శనివారానికి ఆ గడువు తీరదు, మంగళవారానికి దాదాపు తీరుతుంది. డెంగీ అయితే మీ నుంచి నేరుగా అంటదు గానీ, జ్వరం ఉన్న రోజుల్లో మిమ్మల్ని కుట్టిన దోమ తర్వాత వాళ్లని కుట్టొచ్చు. ఆ దోమ పగలే కుడుతుంది. కాబట్టి ఈ మూడు రోజులు మీ ఇంట్లో కూడా పగటి నిద్రకు దోమతెర కట్టుకోండి.

టికెట్ సంగతి ఈ రాత్రికే తేల్చేయండి. తేదీ మార్చుకుంటే మార్పు రుసుము, కొత్త టికెట్‌కీ పాతదానికీ ఉన్న తేడా కట్టాలి. విమానానికి వెళ్లకుండా ఊరుకుంటే మామూలుగా పన్నులు తప్ప ఏమీ వెనక్కి రావు. ప్రయాణ బీమా ఉంటే డాక్టర్ గారితో తేదీ, జ్వరం మొదలైన రోజు, 'ప్రయాణం తగదు' అన్న మాట ఉన్న కాగితం రాయించుకోండి. ప్రయాణ తేదీకి ముందు రాసిన కాగితానికే విలువ. ఫెర్రీ టికెట్ కూడా మర్చిపోకండి, దాని రద్దు గడువు వేరేగా ఉంటుంది.

స్నేహితులకు చెప్పడం మీరనుకున్నంత కష్టం కాదు. కష్టమల్లా 'చూద్దాం, వీలైతే వస్తా' అని నాన్చడంలో ఉంది. అలా అంటే వాళ్లు మీ కోసం గది ఖాళీగా ఉంచుతారు, డైవ్ డబ్బు కట్టేస్తారు, రేవు దగ్గర ఎదురు చూస్తారు. శనివారం రానని, ఎప్పుడు వస్తానో, ఏం రద్దు చేయాలో, మూడూ ఒకేసారి చెప్పేయండి. ఇలా ఒక వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు:

'ఒసేయ్, జ్వరం దిగింది కానీ ఇంకో మూడు రోజులు రక్తం చూపించుకోవాలట. శనివారం హ్యావ్‌లాక్ రాలేను. మీరు పోర్ట్‌బ్లెయిర్ వచ్చే మంగళవారం నేరుగా అక్కడికే వస్తా, ఆదివారం సాయంత్రం రిపోర్టు చూసి ఖాయం చెప్తా. ఆదివారం డైవ్‌లో నా పేరు ఇప్పుడే తీసేయించు, డబ్బు పోతే నేనిస్తా. పాప, అత్తయ్యగారు ఉన్నారు కదా, నాకు విడిగా చిన్న గది చూడు. లేకపోతే పక్కనే ఏదైనా లాడ్జిలో దిగుతా, ఏమీ అనుకోను.'

డబ్బు మాట మీరే ఎత్తడం మంచిది. స్నేహాల్లో నొచ్చుకోవడాలు చాలావరకు అక్కడే పుడతాయి, పైకి ఎవరూ అనరు.

మంగళవారం వెళ్లాలంటే ఏం ఉండాలి? మాత్ర లేకుండా 48 గంటలు జ్వరం రాకపోవడం, ఆకలి తిరిగి రావడం, మూత్రం బాగా రావడం, వరసగా తీసిన రిపోర్టుల్లో ప్లేట్‌లెట్లు పైకి వెళ్తుండటం, పీసీవీ నిలకడగా ఉండటం. ఇవి డెంగీ రోగిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చూసేవే, విమానానికీ అవే పెట్టుకోండి. శని, ఆదివారాల రిపోర్టుల్లో అంకె ఇంకా దిగుతూ ఉంటే వెళ్లకండి, వచ్చే సెలవుల్లో చూసుకోవచ్చు. ఆఖరి మాట రిపోర్టులన్నీ చూసిన మీ డాక్టర్ గారిదే.

వెళ్తే విమానంలో బాధించేది మీ ముక్కు దిబ్బడే. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ సుమారు రెండుంపావు గంటలు. నొప్పి ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు వస్తుంది. కేబిన్‌లో గాలి ఒత్తిడి పెరుగుతుంటే ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్లే సన్నటి గొట్టం తెరుచుకోవాలి, జలుబుకి అది వాచి ఉంటుంది. ఆక్సీమెటాజోలిన్ ముక్కు స్ప్రే దిగడానికి గంట ముందు, అంటే బయల్దేరిన గంటం పావుకి, వేసుకోండి. మూడు రోజులకు మించి వాడితే దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది. బీపీ ఉన్నవాళ్లు అడక్కుండా వాడకూడదు. దిగే అరగంటా నిద్రపోకుండా నీళ్లు గుక్కగుక్కగా మింగుతుండండి. ముక్కు మూసి గట్టిగా ఊదడం వద్దు, మెల్లగా ఒకటి రెండుసార్లు చాలు.

స్కూబా ఈ ట్రిప్పులో మీకు లేదు, మంగళవారమైనా సరే. పది మీటర్ల లోతుకు వెళ్తే చెవి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది, దాంతో చెవిలోని గాలి ఎక్కువగా కుంచించుకుపోయేది మొదటి కొన్ని మీటర్లలోనే. దిబ్బడ ఉన్న చెవిలో కర్ణభేరి చిరగొచ్చు. 'స్ప్రే వేసుకుని దిగితే సరి' అనే సలహా ఇంకా చెడ్డది. మందు పని నీళ్లలో ఉండగా అయిపోతే, పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి బయటికి రాలేక ఇరుక్కుంటుంది. నెత్తి మీద హెల్మెట్ పెట్టి అడుగున నడిపించే సీ వాక్‌ని చాలామంది డైవ్ కాదనుకుంటారు. లోతు తక్కువే గానీ చెవికి తేడా తెలీదు, అదీ వద్దు. డైవింగ్ సెంటర్‌లో ఇచ్చే ఆరోగ్య పత్రంలో జలుబు లేదని టిక్కు పెట్టి సంతకం చేసేవాళ్లను చూసి నేర్చుకోకండి. అద్దం అడుగున్న పడవలో కూర్చుని పగడాలు చూడొచ్చు, అలలు ఎక్కువ లేని రోజున.

పోర్ట్‌బ్లెయిర్‌లో మీకు సరిపోయేవి సెల్యులార్ జైలు సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో, కార్బిన్స్ కోవ్ బీచ్‌లో నీడపట్టున కూర్చోవడం. జైలు మేడ మెట్లు ఎక్కడం మిగతావాళ్లకు వదిలేయండి. వైరల్ జ్వరం తర్వాత రెండు వారాలు బరువులెత్తడం, ట్రెక్కింగ్, అలల్లో ఈత వద్దు. వేపుడు చేపలు, రొయ్యలు ఊరిస్తాయి. మొదటి రోజు పెరుగన్నంతో సరిపెట్టుకుని, కడుపు ఒప్పుకుంటే రెండో రోజు కొంచెం చేపల పులుసు.

సంచిలో ఏం ఉండాలంటే: డిజిటల్ థర్మామీటర్, పారాసెటమాల్ ఒక స్ట్రిప్పు, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, ముక్కు స్ప్రే, దోమల క్రీమ్, ఎన్95 మాస్కులు, మందుల చీటీ, మూడు నాలుగు రోజుల రిపోర్టుల ప్రింట్లు. ఇవన్నీ చేతి సంచిలో, చెక్ ఇన్ చేసే పెట్టెలో కాదు. రిపోర్టులు ఫోన్‌లో ఉన్నా కాగితం పట్టుకెళ్లండి. 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక అక్కడ నెట్ బాగుపడింది, మీ డాక్టర్ గారితో వీడియో కాల్ కుదురుతుంది, కానీ ఆసుపత్రి బల్ల మీద పాత పీసీవీ అంకె కాగితం మీద ఉంటే పని త్వరగా అవుతుంది.

డాక్టర్ గారు మధ్యలో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఒక జాగ్రత్త. అది వాడుతుంటే ఎండకు చర్మం మామూలు కంటే త్వరగా కాలుతుంది. నిండు చేతుల చొక్కా, టోపీ, రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ తప్పనిసరి. మాత్ర నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు, పాలతో వేసుకోకూడదు.

మీ కోసం డైవ్‌ని బుధవారానికి జరుపుతామని వాళ్లు అంటే ఒప్పుకోకండి. మీరు ఎలాగూ దిగరు, పైగా వాళ్లకు గురువారం విమానం ఉంది. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు, అంతకంటే ఎక్కువ ఆగితే ఇంకా మేలు. బుధవారం మధ్యాహ్నం రెండు డైవ్‌లు చేసి గురువారం పొద్దున్నే ఎక్కితే ఆ గడువు చాలదు. ఆదివారమే కానిచ్చేయమనండి.